జెర్రిపోతు చెప్పిన పాఠం

తెలుగు పాఠాలు చెప్పుకునే దానికి జంతుశాస్త్రంతో ఏం పని అని మీరు అడగవచ్చు. నేనూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకున్నాను. ఆషాఢమాసంలో ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటి కింద సెల్లారులోకి ఒక పాము వచ్చి, నా అభిప్రాయం మార్చి వెళ్ళింది. వెళ్ళింది అనడం కూడా సత్యం కాదు. పాపం, దాన్ని మేము వెళ్ళనివ్వలేదు.

మేముండేది కొండాపూరులో. పేరులో కొండా ఉంది, ఊరూ ఉంది. ఇప్పుడు రెండింటినీ వెతుక్కోవలసిందే. 1998 నవంబరులో మాదాపూరు దగ్గర సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి ఈ ప్రాంతమంతా రాతిగుట్టలూ, తుప్పలూ, సీతాఫలం చెట్లూను. ఆ భవనం వెంట మరొకటి, దాని వెంట ఇంకొకటి లేచి, అద్దాల మేడల వరస గచ్చిబౌలి దాటి కోకాపేటదాకా పాకింది. మావారు అలాంటి మేడలోనే ఒకదాంట్లో ఉద్యోగం చేస్తారు. మా ఐదంతస్తుల ఇల్లు కూడా ఒకనాటి గుట్టను పగలగొట్టి కట్టిందే. అంచేత, నేను ఎవరినో తప్పుపట్టడానికి ఇది రాస్తున్నానని అనుకోకండి.

ఆ సాయంత్రం ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి నా ఎదుట కూర్చుని పాఠం అప్పగిస్తూంది. వెన్నెముక గల జంతువులు ఐదు తరగతులట. "పిసెస్, ఆంఫీబియా, రెప్టీలియా, ఏవ్స్, మమ్మేలియా" అని గడగడా చదివేసి, "వీటిని తెలుగులో ఏమంటారమ్మా?" అని అడిగింది. మన పిల్లలు మనల్ని తెలుగుమాట అడగడం ఈ రోజుల్లో ఎంత అపురూపమో మీకు వేరే చెప్పాలా? నేను కుర్చీ దగ్గరకు లాక్కుని మొదలుపెట్టాను. చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు. నీటా నేలా తిరిగేది ఉభయచరం. పాలిచ్చేది క్షీరదం. పాకుతూ పోయేది సరీసృపం. రొమ్ముతో పోతుంది కాబట్టి పాము ఉరగం. పాదాలతో నడవదు కాబట్టి పన్నగం. కంటితోనే వింటుందనుకున్నారు కాబట్టి చక్షుశ్శ్రవం. ఇరవై ఏళ్ళుగా తరగతి గదిలో చెబుతున్న మాటలే గనక ఎక్కడా తడుముకోలేదు.

సరిగ్గా అప్పుడే ఫోను టింగుటింగుమని మోగడం మొదలుపెట్టింది. మా అపార్టుమెంటు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకే వార్త: "సెల్లార్‌లో కోబ్రా!"

అందరితోపాటు మేమూ దిగాం. కార్ల వెనక గోడవారగా ఆరడుగుల పైచిలుకు పాము. గోధుమరంగు ఒళ్ళు, తోకవైపు నల్లగీతలు. బెదిరిపోయి మెడ కాస్త ఉబ్బించి, బుస్సుమంటూంది. మా వాచ్‌మన్ చేతిలో కర్ర ఉంది గాని ఎత్తలేదు. పాలమూరు వైపు పల్లెటూరివాడు. చిన్నప్పుడు మేకలు కాసినవాడు.

"జెర్రిపోతు సారూ, ఇసం లేదు దీనికి. పడగ లేదు సూడుండ్రి. ఎలకల కోసం వచ్చినట్టుంది. తొవ్వ ఇడిస్తే అదే పోతది" అన్నాడు.

రెండో అంతస్తులో ఉండే పెద్దాయనకు కోపం వచ్చింది. "నీకేం తెలుసోయ్! పిల్లలు తిరిగేచోటు. ఎవరికైనా ఏదైనా అయితే జవాబుదారీ నీదే" అన్నారు. వాచ్‌మన్ చుట్టూ చూశాడు. చివరికి నావైపు తిరిగి, "మేడం, మీరన్న చెప్పుండ్రి" అన్నాడు.

నేనేమీ చెప్పలేదు. ఏమని చెప్పను? పాముకు సంస్కృతంలో పదిపేర్లు తెలుసు. ఎదురుగా ఉన్న పాము ఏ పామో తెలియదు. అతనికి తెలుసు. అయినా అతని మాట చెల్లదు, నా మాటైతే చెల్లుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. నోరు మెదపకుండా పిల్లను దగ్గరకు లాక్కున్నాను. కర్ర మూడుసార్లు లేచింది.

మర్నాడు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సహాధ్యాపకురాలికి ఫోనులో ఫోటో చూపించాను. ఒక్కక్షణం చూసి, "జెర్రిపోతండీ. పెద్ద కన్ను, సన్నటి తల, పెదవిమీద నిలువుగీతలు. విషంలేనిది. బెదిరినప్పుడు మెడ ఉబ్బిస్తుంది, అది చూసి నాగుపామనుకుంటారు. ఎందుకు చంపారు?" అంది.

ఇంట్లో మా అత్తయ్యగారి బాధ మరొకటి. "జెర్రిపోతంటే నాగుపాముకు మగడమ్మాయ్, పగ పడుతుంది" అని ఆవిడ భయం. పేరులోనే పోతు ఉంది కాబట్టి ఈ నమ్మకం పుట్టింది కాబోలు. నిజానికి నాగుపాముల్లో ఆడా మగా ఉన్నాయి, జెర్రిపోతుల్లోనూ ఆడా మగా ఉన్నాయి. రెండూ వేరువేరు కుటుంబాలు. నాగుపాము అవకాశం దొరికితే జెర్రిపోతును మింగుతుంది కూడాను. ఇలాంటి సంబంధం ఏ పురోహితుడూ కుదర్చడు.

ఆ రాత్రి మా అమ్మాయి అన్నం సరిగా తినలేదు. పడుకునేముందు, "అమ్మా, దానికి వెన్నెముక ఉంటుంది కదూ?" అని అడిగింది. ఆ ప్రశ్నే నన్ను పుస్తకాల దగ్గరకు పంపింది.

వెన్నెముక ఉండటమే కాదు, పాముకు ఉన్నన్ని వెన్నుపూసలు మనకెవరికీ లేవు. జాతినిబట్టి రెండువందల నుంచి నాలుగువందలదాకా ఉంటాయి. మనిషికి పుట్టినప్పుడు 33. పెద్దయ్యేసరికి కింద ఉన్నవి కొన్ని అతుక్కుని 26 అవుతాయి. కప్పకు పదిలోపే. ఇంకో విచిత్రం వినండి. మన మెడలో ఏడు పూసలు. చిట్టెలుక మెడలోనూ ఏడే, అంత పొడుగు జిరాఫీ మెడలోనూ ఏడే. మన ఇంటి చూరుకు తలకిందులుగా వేలాడే గబ్బిలానికీ ఏడే. గుడ్లగూబకు మాత్రం పద్నాలుగు. అందుకే అది ఒళ్ళు కదపకుండా తలను ముప్పాతిక చుట్టు తిప్పగలదు. ఒక్క వెన్నెముకతో సృష్టి ఎన్ని ఆటలాడిందో చూడండి!

జీవుల్ని వర్గాలుగా విడదీయడం మనవాళ్ళకు కొత్త కాదు. పుట్టుకనుబట్టి జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని నాలుగు విధాలు చేశారు. అమరకోశం మరో దారి తొక్కింది. అది ఉనికినిబట్టి విడదీసింది. చేపలు, కప్పలు, తాబేళ్ళు, మొసళ్ళు నీటికి సంబంధించిన వారివర్గంలో ఉంటాయి. పాములకు పాతాళభోగివర్గం. జంతువులూ, పక్షులూ కలిసి సింహాదివర్గంలో ఉంటాయి. కప్పకు వర్షాభువు అని పేరు పెట్టిన ఆ పూర్వుడు తొలకరినాడు చెరువుగట్టున నిలబడి చూసినవాడే అయివుండాలి.

స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో తన గ్రంథం పదో కూర్పులో, ఉన్నచోటును పక్కనబెట్టి శరీర నిర్మాణాన్ని ప్రధానంగా తీసుకున్నాడు. అంతకుముందు తానే చేపల్లో వేసిన తిమింగలాన్ని తీసుకువచ్చి పాలిచ్చే జంతువుల్లో కూర్చోబెట్టాడు. అలాగని ఆయనా పొరపడకపోలేదు. కప్పల్నీ పాముల్నీ ఒకే గంపలో వేశాడు. మనిషినీ, కోతినీ, గబ్బిలాన్నీ ఒకే వర్గంలో పెట్టాడు. గబ్బిలాన్ని తరవాతివాళ్ళు వేరుచేశారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు జాషువాగారి 'గబ్బిలం' గుర్తుకు వచ్చింది. 1941లో వెలువడిన ఆ కావ్యంలో, గుడిలోకి రానివ్వని ఒక మనిషి తన మొరను కాశీలోని శివుడికి గబ్బిలం చేత పంపుతాడు. గబ్బిలానికి గుడిలో అడ్డులేదు, మనిషికి ఉంది. జంతువుల్ని వర్గీకరించింది తెలుసుకోవడానికి. మనిషి తోటి మనిషిని వర్గీకరించింది దూరం పెట్టడానికి. మా వాచ్‌మన్ మాట ఎందుకు చెల్లలేదో ఆలోచిస్తే, ఆ పాతజబ్బు పూర్తిగా పోలేదేమో అనిపించింది.

ఆ తరవాత వచ్చిన శాస్త్రజ్ఞులు పోలికల్ని దాటి చుట్టరికాల్ని వెతకడం మొదలుపెట్టారు. ఎవరికి ఎవరు ఎంత దగ్గరి బంధువులు అన్నది ఇప్పటి ప్రశ్న. దానికి జవాబు రక్తంలో, మాంసంలో, వెంట్రుకలో ఉండే డీఎన్‌ఏ చెబుతుంది. మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, చిన్న మాంసపుముక్కనుబట్టి అది ఏ జంతువుదో తేల్చే పద్ధతి కనిపెట్టారు. దుప్పిని వేటాడి "మేకమాంసమే బాబూ" అని బొంకడం ఇక కుదరదు. ఈ కొత్త లెక్కలో తేలిన తమాషా ఏమంటే, మొసలికి బల్లికంటే పిచ్చుక దగ్గరి చుట్టం! మా అమ్మాయి పాఠంలోని ఐదు తరగతులు చదువుకోవడానికి వీలుగా ఉంటాయి గాని, సృష్టి గీసుకున్న గీతలు కావన్నమాట.

సరే, పుస్తకంలో చూసింది చాలు, బయట చూద్దామని మరుసటి ఆదివారం తల్లీకూతుళ్ళం తెల్లవారుజామున బయలుదేరాం. మావారు కారు తోలారు. "సెలవురోజున ఐదింటికి లేపి చేపల్ని చూపిస్తారా?" అని సణిగారు గాని, దుర్గం చెరువు చేరేసరికి ఆయనకే ఎక్కువ ఉత్సాహం వచ్చింది.

ఆ చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్ళిచ్చింది. ఇప్పుడు దానిమీద 2020లో తెరిచిన తీగల వంతెన. మొదటి తరగతి అక్కడే మొదలుపెట్టాం. వెన్నెముకగల జాతుల్లో సగానికి పైగా చేపలేనట. ఎక్కువ చేపలు మొప్పలతో నీటిలో కరిగిన ప్రాణవాయువును పీల్చుకుంటాయి. మురుగు చేరిన నీటిలో ఆ వాయువు తరిగిపోతుంది. అప్పుడు చేపలు తెల్లగా తేలిపోతాయి. కాని తెలంగాణవారి కొర్రమీను ఉందే, అది గట్టిపిండం. తలలో ఉన్న ప్రత్యేకమైన గదితో పైకివచ్చి గాలి పీల్చుకుంటుంది. మృగశిర కార్తెనాడు బజారులో తట్టలో ఎగిరెగిరిపడుతూ చాలాసేపు బతికి ఉండే రహస్యం అదే.

రెండో తరగతి కప్పలు. గుడ్డు నీటిలో, పిల్లతనం తోకతో మొప్పలతో, పెద్దరికం నేలమీద. కప్ప ఊపిరితిత్తులతోనే కాక చర్మంతో కూడా గాలి పీలుస్తుంది. అంచేత నీటిలో కలిసిన విషం సూటిగా దాని ఒంట్లోకి పోతుంది. మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పక్కన ఒక కుంట ఉండేది. తొలకరి పడిన రాత్రి కప్పల బెకబెకలకు నిద్రపట్టక విసుక్కునేవాళ్ళం. కుంట పూడ్చి కట్టడం లేపారు. ఇప్పుడు తొలకరి రాత్రి హాయిగా నిద్రపడుతుంది. ఆ హాయి ఎందుకో గుచ్చుకుంటూంది.

మూడో తరగతి మన కథానాయకుడిది. పాములతోపాటు తొండలూ, బల్లులూ, ఉడుములూ, తాబేళ్ళూ, మొసళ్ళూ ఇందులోవే. పొలుసుల ఒళ్ళు. తమ వేడిని తాము పుట్టించుకోలేవు గనుక ఎండకాచుకుంటాయి. మొసళ్ళను చూడాలంటే సంగారెడ్డి దగ్గర మంజీరకు వెళ్ళాలి. తొండకు అంత ప్రయాణం అక్కరలేదు, ప్రతి బండమీదా తల ఆడిస్తూ మనకు "సరే సరే" అంటూ ఉంటుంది. ఇక చక్షుశ్శ్రవం సంగతి. పాముకు బయటికి కనిపించే చెవి లేదన్నమాట నిజం. కాని కంటితో వినదు. నేలమీది అదురును దవడ ఎముక ద్వారా లోపలి చెవి పట్టుకుంటుంది. గాలిలో వచ్చే మందరస్వరాలు కూడా కొంత వినిపిస్తాయి. పూర్వులు సగం చూసి పేరు పెట్టారు. ఆ సగమైనా చూశారు!

నాలుగో తరగతి పక్షులు. అద్దాల మేడల అంచుల మీద వందలకొద్దీ పావురాలు. ఎందుకో తెలుసా? పావురం మూలస్థానం కొండచరియల్లోని రాతిసందులు. మన ఇరవై అంతస్తుల మేడ దాని కంటికి మరో కొండ. మరి కొన్ని పక్షులకు ఆ అద్దం ఆకాశంలా కనిపిస్తుంది, గుద్దుకుని రాలిపోతాయి. ఖాళీ స్థలంలో ఒక తీతువు కంకరరాళ్ళ మధ్య గుడ్లు పెట్టి కూర్చుని ఉంది. గుడ్లు అచ్చం రాళ్ళలాగే మచ్చలతో ఉన్నాయి. తీతువు కూస్తే అపశకునమని మా అత్తయ్యగారంటారు. ఆ స్థలంలో పాతిన అమ్మకపు బోర్డు చూస్తే, అపశకునం ఎవరికి ఎవరో అర్థం కాలేదు.

ఐదో తరగతి మనది. ఉడుత, ముంగిస, కుందేలు, ముళ్ళపంది, గబ్బిలం, దుప్పి, మనిషి. పాలిచ్చి పెంచేవాళ్ళం, వెంట్రుకలు గలవాళ్ళం.

ఇక్కడ తెలుగువాళ్ళం గర్వపడవలసిన మాట ఒకటి చెప్పాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ తరఫున పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, కోరమాండల్ తీరపు పాముల్ని సేకరించి, 1796లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. పాములపేర్లు స్థానికుల్ని అడిగి తెలుసుకున్నవే. రక్తపింజరికి ఆయన వేసిన పేరు "కాటుకరేకుల పొడ". ఎంత చక్కని మాట! ఒంటిమీద కాటుకరేకుల్లాంటి మచ్చలున్నదని. తరవాత లోకమంతా దానికి రస్సెల్ పేరు పెట్టుకుంది, కాటుకరేకుల పొడ మనవాళ్ళకే తెలియకుండా పోయింది. పసుపుపట్టీల పాముకు ఆయన రాసుకున్న పేరు "బంగారం పాము". దానినుంచే కట్లపాముల జాతికంతటికీ శాస్త్రంలో బంగారస్ అనే పేరు స్థిరపడింది. మన పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్ళి బాండికూట్ అయింది. ఆస్ట్రేలియాలో కడుపుసంచిలో పిల్లను మోసే మరో జంతువుకు కూడా ఆ పేరే తగిలించారు. అమెరికాలో ఉన్న జంతుశాస్త్రజ్ఞుడు కట్లపామును తలిస్తే తెలుగుమాట పలికినట్టే. ఆ పేర్లు చెప్పింది ఎవరు? పొలాల్లో, చెరువుగట్లమీద తిరిగిన మనుషులు. మా వాచ్‌మన్ లాంటివాళ్ళు. రస్సెల్ వాళ్ళను అడిగాడు. మేము అడగలేదు, చెప్పినా వినలేదు.

అన్నట్టు, ఆ కాటుకరేకుల పొడ పుట్టుకనుబట్టి చేసిన విభజనను కూడా తికమక పెడుతుంది. అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది.

ఇక బతికేచోటు సంగతి. 2025 మార్చి 30 ఉగాది. ఆనాడే కంచ గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల నేలను చదును చేయడానికి యంత్రాలు దిగాయి. కంచ అంటే కంచెవేసి పశువుల మేతకు వదిలిన బీడు. ఆ నేల ప్రభుత్వానిదని, కంపెనీలు వస్తే ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం వాదం. అక్కడ దుప్పులూ, నెమళ్ళూ, నక్షత్ర తాబేళ్ళూ ఉన్నాయని విద్యార్థుల వాదం. రాత్రివేళ యంత్రాల రొదలో నెమళ్ళు అరిచిన అరుపులు ఫోనుల్లో దేశమంతా విన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. చెట్లు పోయిన వంద ఎకరాలలో అల్లాడుతున్న వన్యప్రాణుల్ని కాపాడే చర్యలు వెంటనే తీసుకోవాలని 16వ తేదీన ఆదేశించింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో రోజూ వాదనే. "ఉద్యోగాలు రాకపోతే మన అమ్మాయి ఎక్కడికి పోతుంది?" అని మావారు. "దుప్పులు ఎక్కడికి పోతాయి నాన్నా?" అని మా అమ్మాయి. ఇద్దరికీ సరైన జవాబు నా దగ్గర లేకపోయింది. కాని ఒక్కటి మాత్రం అర్థమైంది. చేపను నీటినుంచీ, దుప్పిని తుప్పనుంచీ వేరుచేసి చదువుకోవడం పరీక్షకు సరిపోతుంది గాని, బతకడానికి సరిపోదు. ఈ విషయంలో అమరకోశకారుడి పద్ధతిలోనూ న్యాయం ఉంది. ఎవరు ఎక్కడ ఉంటారన్నది కూడా వాళ్ళెవరన్న దానిలో భాగమే. మా సెల్లారులోకి పాము వచ్చిందని గగ్గోలు పెట్టాం. దాని గుట్టలోకి మేం వచ్చినప్పుడు అది ఎవరితో చెప్పుకుంది?

అలాగని పాముల్ని ముద్దుచేయమని నేననను. పాముకాటు చిన్న విషయం కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో సుమారు 12 లక్షలమంది పాముకాటుతో పోయారని, అంటే ఏడాదికి సగటున 58,000 మంది అని పరిశోధకులు అంచనా వేశారు. మన తెలుగునేల కూడా ఈ దుఃఖంలో పాలుపంచుకున్నదే. పోయినవాళ్ళలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్ళు, నేలమీద పడుకునేవాళ్ళు. ఎక్కువ మరణాలకు కారణం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగే. కట్లపాము రాత్రివేళ నిద్రలో కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఒకే మందులో ఉంది. కరిచినచోట కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోనుచేసి, తిన్నగా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మంత్రగాడి దగ్గర గడిపిన ప్రతి నిమిషమూ ప్రాణంలోంచి తీసిన నిమిషమే.

మరి పాము ఇంట్లోకి వస్తే? దూరంగా నిలబడి, అది ఎటు పోతూందో ఒక కంట కనిపెట్టి, పట్టేవాళ్ళను పిలవాలి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళున్నారు. పాముల్ని పట్టి, అటవీశాఖవారి ద్వారా అడవిలో వదులుతారు. ఏ పామో తెలియకపోతే విషపుదే అనుకుని జాగ్రత్తపడండి, విషపుదే అనుకుని చంపకండి. జెర్రిపోతునైనా, నాగుపామునైనా చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇంతకూ మా సెల్లారు సంగతి. శ్రావణమాసానికల్లా అక్కడ పందికొక్కులు స్థిరనివాసం ఏర్పరుచుకున్నాయి. ఒక్క పాము పోయినందుకే వచ్చాయని నేను చెప్పలేను గాని, రెండో అంతస్తు పెద్దాయన కారు తీగలు కొరికిన మాట వాస్తవం. మరమ్మతు బిల్లు చూసిన సాయంత్రం ఆయన గంభీరంగా కుర్చీలో కూర్చుని ఉండగా, నేను వెళ్ళి ఆనాటి పాము ఎవరో, ఏం తినేదో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రోజే చెప్పవలసిందమ్మా" అన్నారు చివరికి.

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. "చెప్పారు కదండీ. మనమే వినలేదు" అన్నాను.

ఆ రాత్రే కిందికి దిగి వాచ్‌మన్‌ను క్షమించమని అడిగాను. అతను ఇబ్బందిపడి, "మీరేం జేస్తరు మేడం, అండ్ల నా తప్పు గూడ ఉన్నది. కర్ర నా చేతిల్నే ఉండె గద" అన్నాడు. అంతకంటే పెద్దమాట ఆ రోజున మా ఐదంతస్తుల్లో ఎవరూ అనలేదు.

భాద్రపదంలో మరో పాము వచ్చింది. ఈసారి మెట్లకింద. గ్రూపులో మళ్ళీ కలకలం. కాని ఈసారి ఎవరో మొదట వాచ్‌మన్‌ను పిలిచారు. అతను వంగి చూసి, "ఇది మంచిది గాదు, నాగుంబాము. ఎవ్వలు దగ్గరికి రావొద్దు" అన్నాడు. పిల్లల్ని పైకి పంపి, దీపాలన్నీ వేసి, ఫోనుచేసి, ముప్పావుగంట కాచుకున్నాం. ఒక కుర్రవాడు స్కూటరుమీద వచ్చి, ఇనుప కొక్కెంతో, గుడ్డసంచితో అయిదు నిమిషాల్లో పని ముగించాడు. కర్ర గోడకే ఆనించి ఉండిపోయింది. రెండో అంతస్తు పెద్దాయన ఆ కుర్రవాడికి మంచినీళ్ళు ఇచ్చి, పాము చెవుల గురించి మా అందరికీ ఉపన్యాసం ఇచ్చారు. నేను చెప్పిన ముక్కలే గనుక బుద్ధిగా విన్నాను.

ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఐదు తరగతులకూ ఐదు భాగాలు. ఆదివారాల్లో వాచ్‌మన్ దగ్గర మెట్లమీద కూర్చుని, అతను చెప్పిన పేరు ఒక పక్క, పుస్తకంలో పేరు ఇంకో పక్క రాసుకుంటూంది. మొదటి పేజీలో జెర్రిపోతు ఉంది. దాని ఎదుట "ఎక్కడ చూశాను" అన్నచోట "మా ఇంట్లో" అని రాసి, కొట్టివేసి, కింద "దాని ఇంట్లో" అని దిద్దింది.

మీ ఇంటి చుట్టూ ఎవరెవరున్నారో మీరూ ఒకసారి చూడండి. పేరు తెలియకపోతే పుస్తకంలోనే కాదు, మీ వీధిలో తెలిసినవాళ్ళెవరో కనుక్కుని అడగండి. అడగడానికి నేను ఇరవై ఏళ్ళు ఆలస్యం చేశాను.